వంగని మణికట్టు

ఉట్నూరు,
జూన్ 23, 2024

సుల్తానా వదినకు,

బదిలీ మీద వచ్చి ఈ గురుకులంలో చేరాను. వందల మంది ఆడపిల్లలు, ఒక ప్రిన్సిపాల్, అంటే నేను. పొద్దున లేస్తే నీళ్ల మోటారు గొడవ, పడుకోబోతే ఎవరికో జ్వరం. వరంగల్ రావాలంటే బస్సులు మారి మారి ఒక రోజంతా పోతుంది. అందుకే ఈ ఉత్తరం.

ఫోనుండగా ఉత్తరాలెందుకంటావేమో. ఫోనులో నువ్వు అబద్ధాలు బాగా ఆడతావు. "మంచిగనే ఉన్న, నా ఫికర్ వద్దు" అని ఒక్క ముక్కలో తేల్చేసి నా బీపీ గురించి మొదలుపెడతావు. కాగితం మీద అట్లా కుదరదు. రాత చూస్తే నీ చెయ్యి ఎట్లుందో నాకు తెలిసిపోతుంది.

ఇక్కడ డ్రాయింగ్ టీచరు లేదు. పిల్లలు అడిగితే నీ గురించి చెప్పాను. హనుమకొండ బడిలో మనిద్దరం ఒకేసారి చేరామనీ, అప్పటినుంచే ఒకరినొకరం వదినా అనుకుంటున్నామనీ, నేను తెలుగు, నువ్వు డ్రాయింగ్ అనీ. ఇరవై ఆరేళ్ల వయసులో నీ వేళ్లు వాచి, చాక్‌పీసు పట్టు దొరక్క ఉద్యోగం వదిలేశావనీ, బొమ్మలు మాత్రం వదల్లేదనీ. మీ అత్తమ్మ "చేతులకు జర రెస్టియ్యి బిడ్డా, ఆ బొమ్మలు ఎవలకు కావాలె" అంటే "నాక్కావాలె అత్తమ్మా" అన్నావు చూడు, ఆ మాట చెప్తే పిల్లలు చప్పట్లు కొట్టారు. అప్పటినుంచి ముప్పై ఏళ్ల పైనే, కీళ్లవాతంతోనే నిద్ర లేస్తూ, కుంచెతోనే పొద్దు గడుపుతూ ఉన్నావు. నీలాంటి మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు వదినా.

ఎముకల డాక్టరుకు మణికట్టు చూపిస్తానన్నావు. ఏమన్నాడు?

నీ
పద్మలత


మట్టెవాడ,
జూలై 14

పద్మ వదినా, సలాం.

నీ ఉత్తరం పోస్ట్‌మ్యాన్ కింద షాపులో ఇస్తే, మీ అన్న కుట్టుమిషను ఆపి, పైకి తెచ్చి "నీకు కోర్టు నోటీసొచ్చింది" అన్నాడు. చదువుతుంటే నా పక్కనే నిలబడ్డాడు. తన పేరు ఎక్కడా లేదని కిందికి దిగిపోయాడు. ఈసారి ఆయన పేరు రాయి.

నా సంగతి ఏముంది? పొద్దు బాగా ఎక్కేదాకా ఈ వేళ్లు నావి కావు. గోరువెచ్చని నీళ్ల గిన్నెలో పెట్టుకుని కూర్చుంటే ఒక్కొక్కటే నిద్రలేస్తాయి. వారానికొక్కసారి వేసుకునే మాత్ర ఆదివారం వేసుకుంటాను. సోమవారమంతా కడుపులో తిప్పుతుంది, రంగుల వాసన కూడా గిట్టదు. మంగళవారం నుంచి నేను మనిషిని. మీ అన్న షాపుకు దిగేముందు రంగు గొట్టాల మూతలన్నీ విప్పి, వదులుగా ఆనించి వెళ్తాడు. ఒక్కటి కూడా నేను తిప్పే పని లేకుండా. వేరే ఆడవాళ్లకు మొగుళ్లు మల్లెపూలు తెస్తారు, నాకు ఈయన మూతలు విప్పుతాడు.

ఒక పెద్ద బొమ్మ మొదలుపెట్టాను వదినా. మోకాళ్ల వల్ల దవాఖానకు తప్ప మెట్లు దిగడం లేదు. నేను బజారుకు పోలేను కాబట్టి బజారునే పైకి తెచ్చుకుంటున్నాను. కాగితాలు వరసగా అంటించి చాపలా చుట్టి పెట్టుకున్నా. మసీదు మూల నుంచి చౌరస్తా దాకా, మా కిటికీలోంచి కనిపించే మట్టెవాడ అంతా అందులో రావాలి. వెంకట్రాజం మిర్చిబండి అయింది. బ్యాగులు వేలాడేసుకున్న స్కూలు ఆటో అయింది. మీ అన్న షాపులోంచి ఆయన పాదం ఒక్కటే కనబడుతుంది, మిషను తొక్కుతూ. "నా మొఖం ఎందుకెయ్యలే" అని అలిగాడు.

ఇప్పుడు మేక దగ్గరున్నాను. గోడ మీది పోస్టర్లు పీకి తినే మేక. ఎలక్షన్లప్పుడు అన్ని పార్టీలనూ సమానంగా తిన్నది. దాని మెడ వంపు పట్టేసరికి వారం గడిచిపోయింది. ఆకుకూరల సమ్మమ్మను ఇంకా మొదలుపెట్టలేదు. ఆమె కూర్చునే చోటు ఇంకా ముందుంది, చౌరస్తా వైపు.

నీ బీపీ మాత్రలు మరవకు.

సుల్తానా


ఉట్నూరు,
ఆగస్టు 11

సుల్తానా వదినకు,

ఖాజా పాషా అన్నకు నమస్కారాలు. ఇదిగో, పేరు రాశాను.

మేక గురించి రాశావు, మూతల గురించి రాశావు. డాక్టరు గురించి ఒక్క అక్షరం రాయలేదు. రాత మాత్రం చెప్పింది. మొదటి పేజీలో నిలబడ్డ అక్షరాలు చివరికి వచ్చేసరికి ఒకదాని మీద ఒకటి పడిపోతున్నాయి. ఇక ఆగలేక ఆసిమాకు ఫోను చేశాను. పాపం పిల్ల, ముందు "అమ్మీ చెప్పొద్దన్నది అత్తమ్మా" అన్నది. తర్వాత ఏడ్చింది.

అన్నీ చెప్పింది. కుడి మణికట్టు కీలు అరిగిపోయిందట. ప్లేటు వేసి ఎముకలను కలిపేస్తే ఆ నొప్పి పోతుందట. చెయ్యకపోతే ఆ అరిగిన అంచు మీద వేళ్లను పైకి లేపే నరాలు రోజూ ఒరుసుకుని, ఒకనాడు పుటుక్కున తెగుతాయట. ఆపరేషన్‌కు తారీఖు ఇస్తే నువ్వే ఫోను చేసి వద్దన్నావట!

ఎందుకు వదినా? మందు లేని జబ్బులో ఒక్కదానికైనా మందు దొరికిందంటే కాదన్నవాళ్లను నేను చూడలేదు. ఆసిమా ల్యాబులో నిలబడి పని చేసుకుంటూ రోజూ నీ గురించే భయపడుతున్నది. దానికోసమైనా ఒప్పుకో.

ఇంకొక మాట. నీ గురించి వ్యాసం రాసి ఒక పత్రికకు పంపాను. ఆదివారం పేజీలో వేస్తారట. నీ ధైర్యం నలుగురికీ తెలియాలి.

పద్మ


మట్టెవాడ,
సెప్టెంబర్ 8

పద్మలత గారికి,

మీ వ్యాసం వచ్చింది. "రోగాన్ని జయించిన కుంచె" అని పెద్ద అక్షరాలతో వేశారు. నేను దేన్ని జయించానండీ? ఈ రోజు పొద్దున దువ్వెన పట్టుకోలేకపోయాను. ఆసిమా జడ వేసింది.

అది చూసి హనుమకొండ నుంచి ఏదో క్లబ్బు ఆడవాళ్లు వచ్చారు. శాలువా కప్పారు. ఒకామె నా చెయ్యి తన అరచేతిలో పెట్టుకుని ఫోటో దిగింది. "ఈ ఏళ్లతోనా మేడమ్! మాకు జర తలనొప్పొస్తేనే మంచం దిగం" అన్నది. అందరూ నా వేళ్లనే చూశారు. గోడ పొడుగునా బొమ్మ పరిచి ఉంది వదినా. వెంకట్రాజం, ఆటో, మేక, అన్నీ ఉన్నాయి. ఒక్కరు అటు తిరగలేదు. బాగుందని అనకపోయినా పోయె. మేక కాలు వంకరున్నదని ఒక్కరంటే నాకు పండుగయ్యేది.

నీ వ్యాసంలో నా మాత్రల పేర్లున్నాయి. నా బొమ్మ ఒక్కదాని పేరైనా ఉందా? మళ్లీ చదివి చూడు.

ఇక ఆపరేషన్. ఎందుకని అడిగావు కాబట్టి చెప్తున్నాను. సన్నగీత భుజంలోంచి రాదు, మోచేతిలోంచి రాదు. మణికట్టు తిరిగితేనే మేక మెడ తిరుగుతుంది, మల్లెచెండు చుట్టుకుంటుంది, సమ్మమ్మ కొంగు మడత పడుతుంది. అది వంగకుండా బిగించేస్తే నాకు మిగిలేది నొప్పి లేని కట్టె. నొప్పితో ఎట్లా బతకాలో నాకు తెలుసు, ముప్పై ఏళ్లు చేసిన పనే. గీత లేకుండా ఎట్లా బతకాలో తెలియదు. బజారు చౌరస్తా దాకా చేరనీ. తర్వాత కోస్తారో, కుడతారో వాళ్లిష్టం.

కోపంగా రాశాను. మళ్లీ తిరగరాసే ఓపిక చేతికి లేదు. అట్లాగే పంపుతున్నా.

సుల్తానా


ఉట్నూరు,
సెప్టెంబర్ 22

వదినా,

నన్ను "గారు" అన్నావు. రెండు రోజులు అన్నం సయించలేదు. వ్యాసం మళ్లీ చదివాను. నువ్వన్నదే నిజం, అందులో బొమ్మ లేదు.

అందుకని నిన్న సాయంత్రం తలుపేసుకుని, మా గదిలో ఉన్న నీ బొమ్మ ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. "నెక్కొండ స్టేషన్లో వాన". నా పెళ్లికి ఇచ్చావు. ఎక్కడికి బదిలీ అయితే అక్కడికి మోసుకెళ్లాను. ఎవరొచ్చినా "ఇది మా సుల్తానా వేసింది, చేతులు అట్లున్నా వేసింది" అని చెప్పి మురిశాను. అంతేగానీ దాని ముందు కూర్చోలేదు ఎప్పుడూ.

ఏం చూశానో చెప్పనా? ప్లాట్‌ఫారం మీద అందరూ రైలు రావలసిన వైపే చూస్తున్నారు. సంచిలోంచి తల బయటపెట్టిన కోడి ఒక్కటే మన వైపు చూస్తున్నది. దాన్ని పట్టుకున్న అమ్మ ఒక చెప్పు విడిచి, తడిసిన కాలును రెండో కాలికి రుద్దుకుంటున్నది. ఎవరి ముఖంలోనూ విసుగు లేదు, అలవాటుంది. దీపం పెట్టే వేళయ్యాక అసలు సంగతి కనిపెట్టాను. వదినా, ఆ బొమ్మలో వాన లేదు! ఒక్క చినుకు గీత కూడా వెయ్యలేదు నువ్వు. మనుషులు వంగిన తీరు, భుజాలు ముడుచుకున్న తీరు, మధ్యలో వదిలేసిన తెల్లకాగితం. అంతే. అయినా గదిలో వాన పడుతున్నట్టే ఉంది. నిండు ఆరోగ్యంతో ఉన్న మనిషి వేసినా ఇది ఇంత గొప్పదే. ఈ మాట రాయాల్సింది పత్రికలో.

దసరా సెలవుల్లో రెండు రోజులు వస్తాను. ఆపరేషన్ మాటెత్తను. బజారు చూస్తాను. మేక కాలు వంకరుంటే చెప్తాను.

నీ పద్మ


మట్టెవాడ,
నవంబర్ 24

చెల్లె పద్మలతకు, ఖాజా పాషా సలాం.

నాకు ఉత్తరం రాసుడు రాదు. బట్ట కొలతలు రాసే చెయ్యి నాది. తప్పులుంటే ఏమనుకోకు. మీ వదిన చెప్పలే, నేనే రాస్తున్న.

దసరాకు నువ్వొచ్చి పోయినంక ఆమె మస్తు కుషీగ పని చేసింది. మేక ఎనక కాలు వంకరున్నదంటివి గద, అది సరిజేసింది. సమ్మమ్మ దాక వచ్చింది. సమ్మమ్మ కొంగు ఏస్తాంది. మొన్న సోమవారం కడుపుల తిప్పుతాంటే పండుకున్నది. మంగళవారం పొద్దుగాల గోరువెచ్చటి నీళ్లల్ల చెయ్యి పెట్టి నన్ను పిలిచింది. "ఏమండీ, చిటికెన ఏలు లేస్తలేదు" అన్నది. దాని పక్క ఏలు గూడ కిందికే ఏలాడుతాంది. నొప్పి గిట్ల లేదన్నది. నేను లేపితే లేస్తాంది, ఇడిస్తే పడుతాంది. డాక్టరు చెప్పిన నరాలు తెగినయని ఇద్దరికి సమజయింది.

ఆమె ఏడ్వలే చెల్లె. నేనే ఏడ్చిన. ఆమె లేచి బొమ్మ కాడికి పోయి మిగిలిన మూడు వేళ్లతోని కుంచె పట్టుకొని ఒక గీత గీసింది. అది యాడికో పోయింది. బట్టతోని తుడిచింది. ఇంకోటి గీసింది. నేను "సాలు సుల్తానా" అన్న. అప్పుడు కుంచె కడిగి, ఆరబెట్టి, "ఆసిమాకు ఫోన్ కొట్టు, డాక్టర్ తోని మాట్లాడుమను" అన్నది. ఎవ్వలం బలిమి జెయ్యలే. ఆమెనే అన్నది.

తెగిన నరాలు ఇంకో నరానికి అతికిస్తరట, మణికట్టుకు ప్లేటు ఏస్తరట. వచ్చే వారం.

చెల్లె, నేను సదువుకున్నోన్ని కాను, బొమ్మ సంగతి నాకు ఎర్క లేదు. కని ఆ బొమ్మల నా పాదం ఉన్నది గద, షాపు బంద్ జేసి వచ్చి రోజు సూస్త. నా పాదమే. బొటనేలు జర పక్కకు తిరిగి ఉంటది నాది. ఇన్నేండ్లల్ల అది నేనే ఎన్నడు సూసుకోలే.

ఖాజా పాషా


ఉట్నూరు,
డిసెంబర్ 1

అన్నా,

ఇది ఆమెకు చదివి వినిపించు.

వదినా, పరీక్షలున్నాయి, కదలలేను. ధైర్యంగా ఉండమని చెప్పను. ఒక్కటే అడుగుతున్నాను: సమ్మమ్మ బుట్టలో ఏ కూరలు పెట్టావు? దసరాకు చూసినప్పుడు ఆమె చోట ఉత్త కాగితమే ఉంది.

పద్మ


మట్టెవాడ,
మార్చి 16, 2025

పద్మ వదినా, సలాం.

ఈ రాత చూసి ఏ చిన్నపిల్ల రాసిందో అనుకోకు, నేనే. బిగించిన చేత్తో రాయడం ఇది మొదలు. అక్షరాలు లావుగా, దూరదూరంగా పడుతున్నాయి. రంజాన్ నెల. మందుల వల్ల నేను ఉపవాసం ఉండలేను గానీ, ఇఫ్తారుకు మీ అన్న పండ్లు కోస్తుంటే పక్కన కూర్చుంటాను.

డిసెంబరు నుంచి నేను నీకెందుకు రాయలేదో ఇప్పుడు చెప్తాను. నొప్పి పోయింది వదినా. నిజంగా పోయింది. మొదటి రాత్రి మెలకువ వచ్చి, ఏదో పోగొట్టుకున్నదానిలా వెతుక్కున్నాను. వేళ్లు లేస్తున్నాయి. కట్టు విప్పాక అందరూ సంతోషంగా ఉన్నారు, నేను తప్ప. కుంచె పట్టి సమ్మమ్మ కొంగు మడత వెయ్యబోతే స్కేలు పెట్టి గీసినట్టు వచ్చింది. మళ్లీ వేశాను, మళ్లీ స్కేలే. కాగితం చుట్టేసి మంచం కిందికి తోశాను. నెల రోజులు రంగుల ముఖం చూడలేదు. మీ అన్న మాత్రం రోజూ మూతలు విప్పుతూనే ఉన్నాడు, సాయంత్రం వచ్చి మళ్లీ బిగిస్తూనే ఉన్నాడు.

ఒకరోజు ఆయన మీద కోపమొచ్చింది. "ఎందుకు విప్పుతున్నవ్, కళ్లకు కనబడ్తలేదా?" అన్నాను.

"నాకు అలవాటైంది," అన్నాడు. "నీకేం అడ్డమొచ్చినయ్?"

ఆ కోపంలోనే లేచి, కిందినుంచి గోడకు సున్నం వేసే వెడల్పు కుంచె ఒకటి తెప్పించాను. కాగితం బల్ల మీద పరచలేదు. ఆయన ప్లైవుడ్ చెక్క తెచ్చి గోడకు కొడితే, దానికి నిలువునా తగిలించాను. చేతిని భుజం నుంచి లేపి, కసితో ఒక్క ఊపు ఊపాను. పచ్చ రంగు. ఊపిన తర్వాత చూస్తే అది తోటకూర కట్ట!

నమ్ముతావా? వారం పాటు మెడ వంపు వెతుక్కున్నదాన్ని, తోటకూర కట్టను ఒక్క ఊపులో వేశాను. ఇంకో ఊపు గోంగూర. నీ ప్రశ్నకు జవాబు అదే వదినా, తోటకూర, గోంగూర, పైన నాలుగు నిమ్మకాయలు. సమ్మమ్మ కొంగుకు మడతలు లేవు ఇప్పుడు. గాలికి లేచిన ఒక్క పెద్ద ఎర్రటి విసురు, అంతే. గీత మణికట్టులో ఉంటుందనుకున్నాను ఇన్నాళ్లు. భుజంలో కూడా ఉందట, నాకే తెలియదు.

బజారు చౌరస్తాకు చేరింది. కానీ ఇప్పుడు చూస్తే మూడింట రెండు వంతులు ఒక చెయ్యి, చివరి వంతు ఇంకో చెయ్యి. ఎక్కడ మారిందో వేలు పెట్టి చూపించొచ్చు. మొదటినుంచి తిరిగి వెయ్యాలా అని రెండు రోజులు ఆలోచించాను. వద్దనుకున్నాను. రెండూ నా చేతులే.

ఆసిమా స్నేహితురాలి అన్న అనిల్, డ్రాయింగ్ మాస్టారు, హనుమకొండలో ఒక హాలు మాట్లాడాడు. ఏప్రిల్‌లో పెడదామంటున్నాడు. నేనొక్క షరతు పెట్టాను. బోర్డు మీద నా పేరు, బొమ్మ పేరు, అంతే. జబ్బు మాట ఒక్కటి రాసినా బజారు చుట్టుకుని ఇంటికి తెచ్చుకుంటాను. సరేనన్నాడు.

నువ్వు రావాలి.

సుల్తానా


ఉట్నూరు,
ఏప్రిల్ 29

సుల్తానా వదినకు,

నిన్న రాత్రి చేరాను. ఒళ్లంతా నొప్పులే గానీ నిద్ర పట్టలేదు. నువ్వు అలిసిపోయి మధ్యాహ్నమే ఇంటికి వెళ్లిపోయావు కదా. ఆ తర్వాత హాలులో జరిగింది నీకు ఫోనులో చెప్పబుద్ధి కాలేదు. రాస్తున్నాను.

ఎండ తగ్గాక జనం వచ్చారు. చాలామందికి నువ్వెవరో తెలియదు. ఒక మూల కుర్చీలో నేను కూర్చున్నాను, ఎవరికీ నేనెవరో తెలియదు. కాలేజీ పిల్లలు మేక దగ్గర ఆగి చాలాసేపు నవ్వారు. ఒకడు "ఇగో, మా అక్క ఎక్కిన ఆటో ఇదే" అని ఫోటో తీసుకున్నాడు. వెంకట్రాజం భార్యాబిడ్డలతో వచ్చి, తన బండి ముందు నిలబడి, "నూనె గిట్ల నల్లగ ఏసింది జూడు, నేను రోజు మారుస్త" అని గొణిగాడు. కానీ అక్కడినుంచి కదలలేదు. సమ్మమ్మను మనవరాలు పట్టుకొచ్చింది. ఆమె తన బొమ్మను ఎగాదిగా చూసింది. కాసేపయ్యాక కొంగు విసిరి వేసుకుంది, బొమ్మలో ఉన్నట్టు.

చివరికి ఒక పెద్దాయన వచ్చాడు. పోశయ్యట, గోడల మీద ప్రకటనలు రాసి రాసి రిటైరైన పెయింటరట. బోర్డు వైపు చూడనైనా చూడకుండా, మసీదు మూల నుంచి మెల్లగా నడుచుకుంటూ వచ్చి, ఆ చెయ్యి మారిన చోట ఆగాడు. వెనక్కి వెళ్లాడు. మళ్లీ వచ్చాడు. పక్కనున్న భార్యతో అంటున్నాడు:

"ఇది ఇద్దరేసిన్రు. మొదలేసినాయన మస్తు నేర్పరి గని, జర ఎనక ముందాడుకుంట ఏసిండు. ఈ రెండో ఆయన్ని జూడు. చెయ్యి ఇడిసిపెట్టి ఏసిండు. వయసుల ఉన్నోడు కావచ్చు."

నోటిదాకా వచ్చింది వదినా. "ఇద్దరు కాదు, ఆయన కాదు, వయసు కాదు" అని లేచి చెప్పాలనిపించింది. ఒకప్పుడైతే చెప్పేదాన్ని. నీ మణికట్టు, ప్లేటు, తెగిన నరాలు అన్నీ చెప్పేదాన్ని. అప్పుడు ఆయన కళ్లు బొమ్మను వదిలేసేవి. నేను నోరు మూసుకుని కూర్చున్నాను. ఆయన చౌరస్తా దాకా నడిచి, అక్కడ చాలాసేపు నిలబడి, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

నీ పద్మ


మట్టెవాడ,
మే 11

పద్మ వదినా,

నీ ఉత్తరం మీ అన్నకు చదివి వినిపించాను. "వయసుల ఉన్నోడు" అన్న దగ్గర ఆయనకు పొలమారింది.

పోశయ్య గారిది సగమే నిజం. మొదటి మనిషి వెనకాముందాడలేదు, నొప్పి ఏ పక్కనుంచి వస్తుందో చూసుకుంటూ వేసింది. కానీ ఆ మాట ఆయనకు తెలియాల్సిన పని లేదు. నువ్వు చెప్పకపోవడం నాకు నువ్వు చేసిన పెద్ద మేలు.

ఎడమ మణికట్టు కూడా అరగడం మొదలైందట. దాని సంగతి వచ్చే ఏడు చూద్దామన్నాడు డాక్టరు. ఈసారి నీకు నేనే చెప్తున్నాను, ఆసిమాను అడిగే పని లేకుండా.

పోయిన వారం ఆసిమా, మీ అన్న నన్ను చెరో పక్క పట్టుకుని మెట్లు దింపి, ఆటోలో ఎనుమాముల మార్కెట్‌కు తీసుకెళ్లారు. ముక్కుకు చున్నీ చుట్టుకుని ఆటోలోనే కూర్చుని చూశాను. మిర్చి వదినా, ఎటు చూసినా మిర్చి. కంటికి ఆనినంత దూరం ఎరుపు, దాని మధ్య చీమల్లా మనుషులు. కళ్లు మండి నీళ్లు కారుతున్నాయి, అయినా మూయబుద్ధి కాలేదు. అంత ఎరుపు సన్నకుంచెకు ఏం లొంగుతుంది? ఇంటికి రాగానే మీ అన్నతో ఇంకో రెండు ప్లైవుడ్ చెక్కలు కొట్టించాను. గది సగం అవే అయ్యాయి. ఆసిమా పడుకునే చోటు లేదని గొణుగుతున్నది.

రాయాల్సింది ఇంకా ఉంది గానీ, గిన్నెలో కలిపిన రంగు ఆరిపోతున్నది. ఉంటాను.

సుల్తానా